ఎడమ అంచు పొట్లాలు

జూన్ తొమ్మిది. ఉదయం 10:20. టోక్యోలో మూడు రోజులుగా ముసురు.

పార్లమెంటు వెనక ఎంపీల కార్యాలయ భవనం. ఆరో అంతస్తులో ఎంపీ అకుత్సు గది. బల్ల మీద అయిదు పొట్లాలు. లేత ఆకుపచ్చ కాగితం చుట్టి ఉన్నాయి. ఒక్కోటీ మూడు కిలోల పైమాటే.

వాటిలో ముప్ఫై ఒక్క వేల ఎనిమిది వందల నలభై ఆరు సంతకాలున్నాయి. మిజోగుచి సవాకో అనే తల్లి మూడేళ్లపాటు స్టేషన్ల ముందు ఎండనకా వాననకా నిలబడి పోగుచేసినవి. ఆమె నాలుగేళ్ల కొడుకు రిత్సు వాళ్ల సొంత కొట్టు కరెంటు షట్టర్ కింద పడి చనిపోయాడు. పాత షట్టర్లన్నిటికీ సెన్సర్ తప్పనిసరి చేయాలనీ, కింద ఏదైనా ఉంటే షట్టర్ దానంతట అదే ఆగిపోవాలనీ ఆ వినతిపత్రం అడుగుతోంది.

పార్లమెంటు పిటిషన్లు తీసుకునే ఆఖరి రోజు ఇవాళే. గడువు సాయంత్రం అయిదు.

ఎంపీ గారి సెక్రటరీ నిషివాకి ఫొటో కోసం మొదటి పొట్లం విప్పాడు.

లోపల తెల్ల కాగితాలు. ఒక్క సంతకం లేదు.

నిషివాకి కంగారుగా తిరగేశాడు. పైది తెలుపు. మధ్యది తెలుపు. అడుగుదీ తెలుపే.

సవాకో ఏడవలేదు. అరవలేదు. మిగిలిన నాలుగు పొట్లాలనూ ఒకసారి తిప్పి చూసింది. మెల్లగా కుర్చీలో కూర్చుండిపోయింది.

10:50కి పోలీసులొచ్చారు. పోలీసులంటే ఒక్కడే. ఇన్‌స్పెక్టర్ తొగాషి. దొంగతనాల విభాగం. యాభై ఆరేళ్లు. నలిగిన రెయిన్‌కోటు. చొక్కాకి పై గుండీ లేదు. ఆ గుండీ కుట్టిపెట్టే మనిషి మార్చిలో పోయింది.

"కాగితాలు పోయాయని పోలీసుల్ని పిలిచారా?" అన్నాడు.

"సంతకాలు సార్," అన్నాడు నిషివాకి.

"సరే. ఇవెప్పుడొచ్చాయి ఇక్కడికి?"

"నిన్న సాయంత్రం 5:40కి. సవాకో గారూ, వాళ్ల నాన్నగారూ ట్రాలీ మీద తెచ్చారు."

"ఎక్కడ పెట్టారు?"

"ఆ ఇనప బీరువాలో."

"తాళం?"

"నా దగ్గరే. రాత్రి ఎనిమిదింటికి నేనే వేశాను. పొద్దున తొమ్మిదింటికి నేనే తీశాను."

"ఇంకో తాళం చెవి?"

"లేదు సార్."

"అయితే దొంగ మీరే అయ్యుండాలి."

నిషివాకి ముఖం పాలిపోయింది. "సరదాకైనా అలా అనకండి సార్."

"నేను సరదాకి అనలేదు. ఈ కాగితాలు అందకపోతే ఎవరికి లాభం?"

నిషివాకి తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "షట్టర్ తయారీదారుల సంఘానికి. పాత షట్టర్లన్నీ మార్చాలంటే వాళ్లకి తలనొప్పి. వ్యాపారుల సంఘానికి కూడా. చిన్న కొట్లవాళ్లు ఆ ఖర్చు భరించలేరు సార్, అదీ అబద్ధం కాదు. నిరుడు మంత్రిత్వ శాఖ రాసిన మొదటి ముసాయిదాలో 'అన్ని షట్టర్లకూ' అనే ఉంది. ఈ వసంతానికి అది 'కొత్తగా బిగించే వాటికి' అయింది."

"మధ్యలో ఏం జరిగింది?"

"సంఘం వాళ్లు పద్నాలుగు సార్లు వెళ్లి కలిశారు. విజిటింగ్ కార్డులిచ్చి, వంగి నమస్కారం పెట్టి, టీ తాగి వచ్చారు. అంతే."

"మీ ఎంపీ గారు ఎటువైపు?"

"రెండువైపులా సార్. సంఘం వాళ్లు మా విందులకి టికెట్లు కొంటారు. తల్లులు ఓట్లేస్తారు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. మాది ఆ ఉద్యోగం."

గోడ మీద పిల్లికి కూడా ఒక సెక్రటరీ ఉంటాడనీ, దూకేముందు ఏ పక్క మెత్తగా ఉందో అతనే చూసి చెబుతాడనీ తొగాషికి తెలియనిది కాదు.

బల్ల మీద వినతిపత్రం నకలు ఉంది. తొగాషి మొదటి వాక్యం చదివాడు.

'తల వంచి నమస్కరిస్తున్న మనిషికి ఎదురుగా ఉన్నది కనిపించదు. అప్పుడు యంత్రమే చూడాలి.'

"ఇదేంటి? చట్టం అడిగే కాగితంలా లేదే."

"మేమూ మార్చమన్నాం సార్. ఆవిడ వినలేదు. మిగతాదంతా మీ ఇష్టమొచ్చినట్టు రాసుకోండి, ఈ ఒక్క వాక్యం జోలికి మాత్రం రావద్దంది."

తొగాషి ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

11:40. సెక్యూరిటీ గది. సీసీటీవీ.

నిన్న సాయంత్రం 5:31. స్కానర్ బెల్టు మీద అయిదు పొట్లాలు. తెర మీద పొరలు పొరలుగా కాగితం కనిపిస్తోంది. పక్కనే ముసలాయన వంగి ట్రాలీ పట్టుకున్నాడు. సవాకో రిజిస్టర్‌లో పేరు రాస్తోంది.

ఆ తర్వాత ఈ ఉదయం 10:20 దాకా ఆరో అంతస్తు నుంచి ఎవరెవరు ఏమేం పట్టుకుని బయటికి వెళ్లారో తొగాషి చూశాడు. గొడుగులు. చేతిసంచులు. ఒక పూలకుండీ. పదహారు కిలోల కాగితం మోసుకెళ్లినవాడు లేడు. కాగితాలు ముక్కలు చేసే యంత్రం ఆ అంతస్తులో ఒక్కటే ఉంది. దాని చెత్తసంచీ సగం కూడా నిండలేదు.

బయటికి పోలేదు. లోపలా లేవు.

"అయితే అసలు లోపలికి వచ్చాయా?" అని తనలో తానే అనుకున్నాడు తొగాషి. స్కానర్‌ని అడిగి లాభం లేదు. దానికి రాసిన కాగితమైనా, తెల్ల కాగితమైనా ఒకటే.

12:15. సవాకో నడవాలో కిటికీ దగ్గర నిలబడి ఉంది. ముప్ఫై ఎనిమిదేళ్లు. పంటి డాక్టరు దగ్గర పనిచేస్తుంది. ఈ రోజుకి సెలవు పెట్టింది.

"పొట్లాలు కట్టింది ఎవరమ్మా?"

"నేనే. మొన్న రాత్రి. మా టీ ఆకు కొట్లో."

"నిన్నంతా ఎక్కడున్నాయి?"

"కొట్లోనే. నేను క్లినిక్‌కి వెళ్లాను. సాయంత్రం నాలుగున్నరకి వచ్చేసరికి నాన్న ట్రాలీ మీద సర్ది ఉంచాడు."

"కొట్టుకి ఎవరైనా కొత్తవాళ్లు..."

"ఇన్‌స్పెక్టర్ గారూ." ఆమె మాట మధ్యలోనే ఆపింది. "ఇక వదిలేయండి."

"ఏమిటి?"

"కేసు వద్దు. కాగితాలే కదా, పోతే పోయాయి. మళ్లీ సంతకాలు పెట్టించుకుంటాను. లేకపోతే... లేదు."

"మూడేళ్ల కష్టం అమ్మా. ఇంకా నాలుగున్నర గంటల టైముంది."

"వద్దన్నాను కదండీ!" అంది ఆమె. "దయచేసి ఎవర్నీ ఏమీ అడక్కండి."

తొగాషికి ముప్ఫై ఏళ్ల సర్వీసు. పోయిన సైకిల్ కోసం నెలల తరబడి స్టేషన్ చుట్టూ తిరిగినవాళ్లని చూశాడు. పోయింది వెతకొద్దని బతిమాలిన మనిషిని ఇదే చూడటం. దొంగ ఎవరో తెలిసినవాళ్లే అలా అడుగుతారు.

1:10. షట్టర్ సంఘం సలహాదారు కురమోచి తనంతట తానే వచ్చాడు. అరవై ఆరేళ్లు. తడి గొడుగుకి ప్లాస్టిక్ తొడుగు వేసి మరీ తెచ్చాడు. ఈ నిబంధన రాసే మంత్రిత్వ శాఖలోనే ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పుడు సంఘంలో కూర్చుని, ఒకప్పుడు తన కింద పనిచేసిన వాళ్లకి కబురు పంపుతుంటాడు.

"చాలా బాధాకరమైన విషయం," అన్నాడు వంగి. "అనుమానం మా మీదకే వస్తుందని తెలిసి, నేనే వచ్చాను."

"మంచి పని చేశారు. ఆ కుటుంబం మీకు తెలుసా?"

"లేదు. పేపర్లో చదవడమే."

"ఎప్పుడూ కలవలేదు?"

"అబ్బే. మాలాంటివాళ్లు కలిస్తే వాళ్లకి ఇంకా బాధ కదా. పాపం ఆ పెద్దాయన కొట్టు షట్టర్ పీకించేసి, ఈ వయసులో పొద్దునా సాయంత్రం ఎనిమిది చెక్కపలకలు మోసుకుంటున్నాడు. కొత్త షట్టర్ ఊరికే పెట్టిస్తాం అన్నా..."

కురమోచి ఆగిపోయాడు.

"అన్నా?" అన్నాడు తొగాషి.

"అంటే... అన్నా ఒప్పుకోరేమో అని."

"పలకలు ఎనిమిదని పేపర్లో రాశారా?"

కురమోచి చేతి రుమాలుతో నుదురు తుడుచుకున్నాడు.

"మీరు వెళ్లకండి," అన్నాడు తొగాషి. "కాసేపట్లో అందరం కలిసి టీ తాగుదాం."

2:05. తొగాషి గదిలో ఒక్కడే ఉన్నాడు. ఎదురుగా విప్పని పొట్లాలు నాలుగు.

ఫింగర్‌ప్రింట్స్ తీస్తే తండ్రీకూతుళ్లవే వస్తాయి. అందులో వింతేం లేదు. పొద్దున ఆమె ఈ నాలుగింటినే తిప్పి చూసిందని నిషివాకి చెప్పాడు. విప్పింది కాదు, విప్పనివి. వాటి మీద ఏముందని?

ఒకటి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పాడు. కాగితం అంచులు కలిసేచోట వేలితో తడిమాడు. నున్నగా, గీత గీసినట్టుంది. వ్యాపారం తెలిసిన చెయ్యి.

అతని వేలు ఆగిపోయింది.

ఇంట్లో బీరువా మీద అచ్చం ఇలాంటివి రెండున్నాయి. భార్య పోయిన నలభై తొమ్మిదో రోజుకి, వచ్చి పలకరించిన వాళ్లందరికీ టీ పొట్లాలు పంపాడు. రెండు మిగిలాయి. పంపాల్సిన వాళ్లు లేరు. పారేయడానికి చెయ్యి రాదు. రోజూ పొద్దున వాటినే చూస్తూ టై కట్టుకుంటాడు.

ఆ రోజు దుకాణంలో అమ్మాయి అడిగింది. "ఎడమే కదండీ?" అతనికి అర్థం కాలేదు. ఆ అమ్మాయి నొచ్చుకుంటూ చెప్పింది. శుభానికైతే కాగితం కుడి అంచు పైకి రావాలి. చావుకైతే ఎడమ అంచు పైకి రావాలి.

తొగాషి రెండో పొట్లం తిప్పాడు. మూడోది. నాలుగోది.

అన్నీ ఎడమ అంచు పైకే.

అతను కుర్చీలో కూలబడ్డాడు. దొంగని పట్టుకున్న సంతోషం ఇసుమంతైనా కలగలేదు. ఈ కేసు తన చేతికి రాకుండా ఉంటే బాగుండుననిపించింది.

3:25. మత్సుబా బజారు వీధి. మిజోగుచి టీ ఆకు కొట్టు.

వీధి పొడుగునా షట్టర్లు. ఈ కొట్టుకి మాత్రం లేదు. ఎనిమిది చెక్కపలకలు గోడకి ఆనించి ఉన్నాయి. లోపల వేయించిన టీ ఆకు వాసన.

సవాకో తండ్రి తొయోజో నలుగురికీ టీ పోశాడు. డెబ్బై నాలుగేళ్లు. నీలం ఏప్రన్. ఒక్క చుక్క ఒలకలేదు. కళ్లు మాత్రం ఎవరినీ చూడటం లేదు.

నిషివాకి మాటిమాటికీ వాచీ చూసుకుంటున్నాడు. కురమోచి కప్పు ముట్టుకోలేదు. సవాకో లోపలి మెట్టు మీద కూర్చుంది.

"గంటన్నర టైముంది," అన్నాడు తొగాషి. "అందుకని డొంకతిరుగుడు లేకుండా చెబుతాను. దొంగతనం పార్లమెంటులో జరగలేదు. అక్కణ్నించి కాగితాలేవీ బయటికి రాలేదు. ఎందుకంటే లోపలికే వెళ్లలేదు. వెళ్లింది తెల్ల కాగితాలు. మార్పిడి నిన్న ఇక్కడ జరిగింది."

"ఇక్కడెవరు సార్?" అన్నాడు నిషివాకి.

తొగాషి సంచీలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద బోర్లించాడు.

"సవాకో గారూ, మొన్న రాత్రి మీరు కట్టినప్పుడు ఏ అంచు పైకి పెట్టారు?"

ఆమె పొట్లం అంచు మీద వేలు పెట్టి తీసేసింది.

"కుడి," అన్నాడు తొగాషి. "మీరు ఈ కొట్లో పుట్టి పెరిగారు. మంచి జరగాలని పంపే కాగితాలకి ఎడమ అంచు పెట్టరు. పొద్దున ఈ నాలుగూ చూడగానే మీకు తెలిసిపోయింది. మీరు కట్టినవి కావని, ఎవరు కట్టారో కూడా. అందుకే నన్ను వెతకొద్దన్నారు."

టీ కప్పుల మీంచి ఆవిరి లేస్తోంది. వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"రిత్సు పోయాక నాన్న శుభకార్యాల ఆర్డర్లు తీసుకోవడం మానేశాడు," అంది సవాకో నేల చూస్తూ. "పెళ్లిళ్లవీ, పురుళ్లవీ అన్నీ వెనక్కి పంపేశాడు. మూడేళ్లుగా ఈ కొట్లో చావు పొట్లాలే కడుతున్నాడు."

తొయోజో తన చేతుల వైపు చూసుకున్నాడు. వాటిని మొదటిసారి చూస్తున్నట్టు.

"అవునా," అన్నాడు. "ఎడమ పెట్టానా? నాకు తెలియనే లేదు."

తర్వాత మోకాళ్ల మీద కూర్చుని నేలకి నుదురు ఆనించాడు. "పోలీసు గారూ, తీసింది నేనే. అమ్మాయికేం తెలీదు. నన్ను తీసుకెళ్లండి."

"తీసుకెళ్లడం తర్వాత. కాగితాలు ఎక్కడున్నాయి?"

"కాల్చేద్దామని పెరట్లోకి తీసుకెళ్లాను. అగ్గిపుల్ల గీశాను కూడా. చెయ్యి రాలేదు." ఆయన లోపలి గదిలోని పూజ అల్మారా వైపు చూశాడు. "రిత్సు ఫొటో కింద అరలో ఉన్నాయి."

నిషివాకి ఒక్క ఉదుటున లేచాడు. తొగాషి చెయ్యి అడ్డంపెట్టాడు.

"ఒక్క నిమిషం. ఎందుకు తీశారో ఈవిడకి తెలియాలి. కురమోచి గారూ, మీరు చెబుతారా?"

"నేను ఏ నేరమూ చేయలేదు."

"నేరమని నేననలేదు. చల్లకొచ్చి ముంత దాచడం దేనికి? మీరిక్కడికి వచ్చారు. రాకపోతే పలకలు లెక్కపెట్టేవారు కాదు."

జవాబు తొయోజో ఇచ్చాడు.

"గురువారం మధ్యాహ్నం వచ్చారు. యోకన్ మిఠాయి పెట్టె తెచ్చారు. రిత్సు ఫొటో ముందు అగరొత్తి వెలిగించారు. చాలాసేపు చేతులు జోడించుకుని కూర్చున్నారు. మంచివారే అనుకున్నాను. తర్వాత ఒక కాగితం తీసి చూపించారు."

"ఏం కాగితం?"

"షట్టర్ రిపేరు కంపెనీవాళ్లు అప్పుడు రాసుకున్నది. స్విచ్‌లో లోపం లేదు, ఎవరో నొక్కితేనే షట్టర్ దిగింది అని." ఆయన గొంతు తగ్గిపోయింది. "పిటిషన్ కమిటీ ముందుకెళ్తే మేమూ మా కాగితాలు పెట్టక తప్పదు తొయోజో గారూ, అప్పుడు మీ అమ్మాయి అందరి ముందూ ఇది చదవాల్సొస్తుంది, మాకూ బాధే, అన్నారు. ఎంతో మర్యాదగా చెప్పారు."

"నేను నిజమే చెప్పాను," అన్నాడు కురమోచి. "ఆలోచించుకోమన్నాను. అంతకు మించి ఒక్క మాట అనలేదు."

అది కూడా నిజమే. అగరొత్తి వెలిగించడం ఏ సెక్షన్ కిందకీ రాదు. మిఠాయి పెట్టెకి శిక్ష లేదు. పద్నాలుగు సార్లు టీ తాగి ముసాయిదాలో మాట మార్పించినా లేదు, ఒక్క అగరొత్తితో మూడేళ్ల పోరాటాన్ని ఆర్పబోయినా లేదు. తొగాషికి ఒళ్లు మండింది. చేసేదేం లేక కప్పు కింద పెట్టాడు.

తొయోజో కూతురి వైపు తిరిగాడు. తల ఎత్తలేదు.

"తల్లీ. షట్టర్ దానంతట అది దిగలేదు. అప్పుడు పోలీసులకీ నీకూ అబద్ధం చెప్పాను. నేనే నొక్కాను. ఆ రోజు ఆఖరి కస్టమరు వెళ్తున్నాడు. నొక్కి... నొక్కి నేను..."

"వంగి ఉన్నావు," అంది సవాకో.

ఆయన తల ఎత్తాడు.

"నేను మెట్లు దిగి పరిగెత్తుకొచ్చేసరికి నువ్వింకా వంగే ఉన్నావు నాన్నా. బొటనవేలు స్విచ్ మీదే ఉంది. కస్టమరు వీధి మలుపు తిరిగేదాకా తల ఎత్తకూడదని చిన్నప్పుడు నాకు నేర్పింది నువ్వే కదా. వాడు బంతి కోసం వెళ్లాడు. నీకు కనిపించలేదు."

"తెలుసా?" అన్నాడాయన. "మొదట్నించీ తెలుసా నీకు?"

"తెలుసు."

"తెలిసే... మూడేళ్లు నాతో కూర్చుని అన్నం తిన్నావా?"

"నీతో కాక ఎవరితో తినను నాన్నా?"

తొయోజో ముఖం నలిగిపోయింది. శబ్దం లేకుండా ఏడ్చాడు. ఆ వయసు మగాడు అలా ఏడవడం చూడలేక నిషివాకి గుమ్మం బయట వాన వైపు తిరిగాడు.

"నువ్వే చెబుతావని ఎదురుచూశాను," అంది సవాకో. "నువ్వు చెప్పలేకపోయావు. నాకు అడగడం చేతకాలేదు. అందుకే కాగితం మీద పెట్టాను. నువ్వు చదువుతావనుకున్నా. కట్టలు మోశావు, స్టేషన్ల దగ్గర గొడుగు పట్టావు, అందరికీ టీలు ఇచ్చావు. ఒక్కసారి చదవలేదు. పొద్దున ఆ పొట్లాలు చూసి, వీధిలో వ్యాపారులందరి ముందూ నీకు తలవంపులుగా ఉందేమో, నాతో చెప్పలేక దాచావేమో అనుకున్నా. నీకిష్టం లేనిది నాకెందుకని వదిలేశా."

తొగాషి జేబులోంచి మడిచిన నకలు తీశాడు. విప్పి ముసలాయన ముందు పెట్టాడు.

"మొదటి వాక్యం చదవండి పెద్దాయనా."

తొయోజో కళ్లజోడు వెతుక్కున్నాడు. ఏప్రన్ జేబులోనే ఉంది. పెట్టుకున్నాడు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివాడు.

"తల వంచి నమస్కరిస్తున్న మనిషికి... ఎదురుగా ఉన్నది కనిపించదు. అప్పుడు... యంత్రమే చూడాలి."

రెండోసారి చదవబోయాడు. కళ్లజోడు తీసేశాడు.

"ఇది నీ గురించే రాశాను," అంది సవాకో. "నువ్వు చెడ్డవాడివి కాదని రాశాను. ముప్ఫై వేల మంది కింద సంతకం పెట్టారు నాన్నా."

గోడ గడియారం నాలుగు కొట్టింది.

కాగితాలు బయటికి తీశారు. పూజ అల్మారా అరలో అగరొత్తి బూడిద పడి పై కాగితాలు కొంచెం మాసాయి. కట్టల లెక్క సరిగానే ఉంది. నిషివాకి వాటిని కట్టలుగా సర్దుతుంటే తొయోజో అడిగాడు.

"బాబూ, పెన్ను ఉందా?"

"పెద్దాయనా, టైం..."

"ఒక్క నిమిషం."

అన్ని వేల సంతకాల్లో ఆయనది లేదు. ఎవరూ అడగలేదు. ఇంటాయన ఎప్పుడో పెట్టే ఉంటాడనుకున్నారు. ఆఖరి కాగితంలో ఖాళీ గళ్లు మిగిలాయి. అక్కడ పేరు రాశాడు. చిరునామా రాశాడు. నిషివాకి పై కాగితం మీద సంఖ్య చివర ఆరు కొట్టేసి ఏడు వేశాడు. పక్కన దిద్దుబాటు ముద్ర కొట్టాడు.

వానలో కారు కంటే రైలే నయం. తొగాషి ఒక కట్ట, నిషివాకి రెండు, తండ్రీకూతుళ్లు చెరొకటి పట్టుకుని స్టేషన్ వైపు పరిగెత్తారు. కురమోచి గుమ్మంలో నిలబడి వాళ్లకి నడుం వంచి నమస్కారం పెట్టాడు. ఎంతసేపు అలా ఉన్నాడో ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

4:52. పిటిషన్ల విభాగం. గుమస్తా లెక్క చూశాడు. ముద్ర వేశాడు. "అందింది," అన్నాడు. ఆయనకి అది ఆ రోజు అరవై మూడో పిటిషన్.

తండ్రి మీద కేసు పెడతారా అని తొగాషి సవాకోని అడిగాడు. "ఏ కేసు? కాగితాలు మా ఇంట్లోనే ఉన్నాయి కదా," అంది. మూడేళ్ల కిందటి అబద్ధం గురించి అతను పైవాళ్లకి రాయాలి. రాశాడు. ప్రమాదమే అన్న మాట మారలేదు. ఆ కాగితం కూడా ఫైల్లోకి వెళ్లింది.

సమావేశాల ఆఖరి రోజున కమిటీ కూర్చుంది. రెండు వందల పై చిలుకు పిటిషన్లు నాలుగు నిమిషాల్లో అయిపోయాయి. షట్టర్ పిటిషన్ ఎదురుగా 'నిర్ణయం తీసుకోలేదు' అని పడింది. అకుత్సు గారు ఆ గదిలోనే ఉన్నారు. ఏమీ మాట్లాడలేదు. సంఘంవాళ్లు తమ కాగితాలు బయటపెట్టాల్సిన అవసరమే రాలేదు.

జూలైలో ఒక ఆదివారం తొగాషి ఆ వీధికి వెళ్లాడు. ముసురు పోయి ఎండ కాస్తోంది. కొట్లో బల్ల మీద సంతకాల ఖాళీ ఫారాలు దొంతర్లుగా ఉన్నాయి. పై ఊళ్లకి పంపడానికి సవాకో చిరునామాలు రాస్తోంది. తొయోజో పొట్లాలు కడుతున్నాడు.

"మళ్లీ మొదట్నించా?" అన్నాడు తొగాషి.

"పిటిషన్ పోయింది గానీ మేం పోలేదు కదండీ," అంది సవాకో. "కూర్చోండి. టీ తాగుదురు గానీ."

తొగాషి కూర్చుని ముసలాయన చేతులు చూశాడు. కాగితం పరిచాడు. ఫారాలు మధ్యలో పెట్టాడు. ఒక అంచు మడిచాడు, రెండోది దాని మీదకి తెచ్చాడు. వేలితో నున్నగా రుద్దాడు.

ఎడమ అంచు పైకి.

తొయోజో దాన్ని అలాగే కాసేపు చూశాడు. విప్పేశాడు. కాగితం మళ్లీ పరిచి, మడతలు చేత్తో సాపు చేశాడు. ఈసారి చాలా నెమ్మదిగా, కొత్తగా పని నేర్చుకుంటున్నవాడిలా, కుడి అంచు పైకి తెచ్చాడు.

"చేతులు మర్చిపోయాయి ఇన్‌స్పెక్టర్ గారూ," అన్నాడు. "ఎన్ని విప్పాలో ఏమో."